మిద్దె దోనె మార్చే అదను ఎప్పుడు?

తొలకరికి ముందు నాగలి చూసుకుంటాం, గుంటక చూసుకుంటాం, విత్తనం బాగు చేసుకుంటాం. ఇంటి మీది దోనెను చూసేవారు మాత్రం తక్కువ. గోడ తడిసి మన్ను రాలినప్పుడుగానీ అది గుర్తుకు రాదు. అప్పటికి వాన పట్టుకుని ఉంటుంది, పైకెక్కే వీలుండదు, మేస్త్రీ దొరకడు, ఉన్న డబ్బంతా విత్తనానికి, ఎరువుకు పోయి ఉంటుంది.

మిద్దె మీద పడిన వాన నీళ్లను గోడకు దూరంగా పడేసేదే దోనె. కొన్ని ఊళ్లలో తూము అంటారు, కొన్నిచోట్ల గొట్టమనే అంటారు. పేరేదైనా పని ఒకటే. చేనికి గట్టు, మరవ ఎట్లాగో మిద్దెకు దోనె అట్లాగ. మరవ పూడిపోతే గట్టు తెగుతుంది. దోనె చెడితే గోడ దిగుతుంది.

మనది వాన తక్కువ సీమ, దోనె గురించి ఇంత ఆలోచన ఎందుకని అనుకోవద్దు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు వాన తక్కువే అయినా, పడినప్పుడు రెండు మూడు గంటల్లో కుమ్మరించి పోతుంది. చినుకులను ఏ మిద్దె అయినా తట్టుకుంటుంది. ఇబ్బంది వచ్చేది ఆ కుమ్మరింపు వానలోనే.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నీళ్లు ఏరు తెచ్చినవి. వాటిని ఏ దోనే ఆపలేదు. కానీ ఏరు పొంగని ఏళ్లలో కూడా మన పల్లెల్లో మట్టి గోడలు కూలుతున్నాయి. ఆ నీళ్లు మన మిద్దె మీద నుంచి వచ్చినవే. వాటిని దారి మళ్లించడం మన చేతిలో ఉన్న పని.

ఒక అంగుళం నీళ్లు, ఒక టన్ను బరువు

ఒక సెంటు విస్తీర్ణం ఉన్న మిద్దెను లెక్కకు తీసుకోండి. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. దోనె పూడిపోయి ఆ మిద్దె మీద ఒక్క అంగుళం మందాన నీళ్లు నిలిచాయనుకోండి. ఆ నీళ్ల బరువు సుమారు ఒక టన్ను. అంటే ఇరవై సిమెంటు బస్తాలు మోసుకెళ్లి మిద్దె మీద పరిచినట్టు. దూలాలు పాతవై, దంతెలకు చెద పట్టి ఉంటే ఆ బరువు ఎక్కడికి దారి తీస్తుందో వేరే చెప్పనక్కర లేదు.

పిట్టగోడ కట్టిన ఇళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. పిట్టగోడ లేని మిద్దె మీద నీళ్లు అంచు దాటి పోతాయి. నాలుగు వైపులా పిట్టగోడ ఉండి దోనె మూసుకుపోతే మిద్దె కాస్తా తొట్టి అవుతుంది.

రెండో నష్టం గోడకు. దోనె పొట్టిదైతే, లేదా మొదట్లో చిల్లు పడితే నీళ్లు గోడ వెంబడే జారుతాయి. మట్టి గోడ పొడిగా ఉన్నంతకాలం రాయిలాగా నిలుస్తుంది. తడి లోపలికి దిగిందంటే దాని బలం పోతుంది. వాన వెలిసిన మరునాడో మూడో నాడో గోడ కూలడం మీరు చూసే ఉంటారు. కారణం అదే. తడి మెల్లగా లోపలికి పోయి, మొదలు మెత్తబడి, పైబరువు మోయలేక కూర్చుంటుంది.

మూడోది పునాదికి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చాలా ఇళ్లు నల్లరేగడి మీదే ఉన్నాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. చేనులో ఏటా చూస్తున్నదే. దోనె నీళ్లు ఏటా ఒకే మూలన పునాది పక్కన పడితే ఆ మూల వానకాలంలో లేస్తుంది, ఎండాకాలంలో దిగుతుంది. తక్కిన గోడ కదలదు. అందుకే వాకిలి మూల నుంచి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీటలు పోతాయి. రాతి గోడయినా, ఇటుక గోడయినా దీనికి మినహాయింపు లేదు.

ఇక ఇంట్లో దాచుకున్న గింజల సంగతి. తడి గోడకు ఆనించిన వేరుశనగ సంచులకు బూజు పడుతుంది. బూజు పట్టిన కాయలో చేరే విషం మనుషులకూ పశువులకూ చేటు. విత్తనానికి దాచుకున్న కాయ మొలక దెబ్బ తింటుంది. ఉల్లిగడ్డ కుళ్లుతుంది. నేత పని ఉన్న ఇళ్లలో మగ్గం గుంటలోకి నీళ్లు ఊరితే పని ఆగిపోతుంది.

మిద్దె కారితే చౌడు కంటే ముందు దోనె చూడండి

మట్టి మిద్దె కారితే మనం మొదట చేసే పని ఏమిటి? బండెడు చౌడు మన్ను తెచ్చి పైన పోయడం. చౌడు నీటిని లోపలికి దిగనీయదు, నిజమే. పెద్దలు కనిపెట్టిన మంచి పద్ధతి. కానీ కారుతున్నది దోనె దగ్గరయితే ఎన్ని బండ్లు పోసినా లాభం లేదు.

సెంటు మిద్దె మీద ఒక అంగుళం మన్ను పోస్తే సుమారు టన్నున్నర బరువు పడుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. పాత మన్ను తీయకుండా పదేళ్లు పోస్తూ పోతే దూలాల మీద ఎంత బరువు పేరుకుంటుందో మీరే లెక్క వేసుకోండి. పైగా మన్ను మట్టం పెరిగే కొద్దీ దోనె నోరు గుంటలో పడిపోతుంది. వానకు చుట్టూ ఉన్న మన్ను జారి దోనె నోట్లో కూరుకుంటుంది. కారడం ఆపడానికి పోసిన చౌడే దోనెను మూసి, మళ్లీ కారేటట్టు చేస్తుందన్నమాట.

అందుకని కారిన చోటు లోపలి నుంచి గుర్తు పెట్టుకోండి. అది దోనె ఉన్న గోడకు మూడు నాలుగు అడుగుల లోపల ఉంటే తప్పు చాలావరకు దోనెదే. ఇంటి నడుమ, గవాచి చుట్టూ కారుతుంటే అప్పుడు చౌడు సంగతి చూడాలి.

నాలుగు బిందెల పరీక్ష

దోనె బాగుందో లేదో తెలుసుకోవడానికి వాన వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఎండాకాలంలో ఒక పొద్దున ఈ పరీక్ష చేయండి. ఇంట్లో ఇద్దరుంటే చాలు. ఒకరు పైన, ఒకరు కింద.

ముందు దోనె నోటి చుట్టూ ఉన్న ఆకులు, మన్ను, పిట్టగూళ్లు తీసేయండి. నాలుగు బిందెల నీళ్లు పైకి చేర్చుకోండి. దోనెకు రెండడుగుల ఎగువన, ఒకదాని వెంట ఒకటిగా ఒక నిమిషంలో నాలుగూ పోయండి. గంటకు పది సెంటీమీటర్ల వాన పడితే సెంటు మిద్దె మీద నిమిషానికి చేరే నీళ్లు దాదాపు అంతే.

కింద ఉన్నవారు చూడవలసినవి:

1. నీళ్లు నోటి దగ్గర నిలవకుండా ధారగా బయటికి వస్తున్నాయా?
2. ధార గోడకు కనీసం ఒకటిన్నర అడుగు దూరంగా పడుతోందా? మిద్దె ఎత్తుగా ఉంటే రెండడుగులు ఉండాలి. గాలి వానలో ధార గోడ వైపు కొడుతుంది.
3. దోనె గోడలో నుంచి బయటికి వచ్చే చోట తడి కనిపిస్తోందా?
4. దోనె అడుగున ఎక్కడైనా చుక్కలు కారుతున్నాయా?

అరగంట తర్వాత పైనున్నవారు మళ్లీ చూడాలి. దోనె చుట్టూ నీళ్లు ఇంకా నిలిచే ఉంటే నోరు ఎత్తుగా ఉందని అర్థం. అదే అరగంటకు ఇంట్లోకి వెళ్లి, దోనె కింద గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే తడి లోపలికి వచ్చినట్టే.

గోడ చెప్పే గుర్తులు

నీళ్లు పోయకుండానే గోడను చూసి కొన్ని సంగతులు తెలుసుకోవచ్చు. దోనె కింద గోడ మీద తెల్లటి ఉప్పు పొర పొంగిందంటే తడి లోపలికి దిగి ఆరుతోందని గుర్తు. పచ్చటి పాచి చారలు ఉంటే నీళ్లు గోడ వెంబడి కారుతున్నట్టు. పూత ఉబ్బి, తడితే డొల్ల శబ్దం వస్తే లోపల మన్ను వదులైనట్టు. గోడ మొదట్లో గుంట పడిందంటే ధార దగ్గరగా పడుతోందని. దోనె మొదట్లో రావి మొక్కో మర్రి మొక్కో మొలిచిందంటే అక్కడ ఏడాది పొడవునా తేమ ఉందన్నమాట. ఆ మొక్క వేళ్లు గోడను చీలుస్తాయి. పైన తుంచితే చాలదు, వేరుతో సహా తీయాలి. గోడ వెంట చెద బాట కనిపిస్తే దంతెలను కూడా ఇనుప చువ్వతో పొడిచి చూసుకోండి.

అతుకు వేయాలా? మార్చాలా?

ప్రతి చిల్లుకూ దోనె మార్చనక్కర లేదు. అట్లని పాతదానికి అతుకుల మీద అతుకులు వేస్తూ పోవడం కూడా లాభం కాదు.

ఈ కింది సందర్భాల్లో మరమ్మతు చాలు. దోనె గట్టిగా ఉండి ఒక్కచోట చిన్న చిల్లు పడితే తారు పూసిన గుడ్డతోనో, దుకాణాల్లో దొరికే ఎం-సీల్ లాంటి ముద్దతోనో మూయవచ్చు. గొట్టం బాగుండి గోడ దగ్గర సందు వచ్చి ఉంటే ఆ సందును సున్నంతో నింపుకోవచ్చు. చెత్త అడ్డుపడితే తీసేస్తే సరిపోతుంది.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా మార్చడమే మంచిది:

1. రేకు దోనె అడుగు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంటే, లేదా రెండు మూడు చోట్ల తుప్పు తిని చిల్లులు పడి ఉంటే. పైన రంగు బాగున్నా మోసపోవద్దు. తుప్పు అడుగు నుంచే తింటుంది.
2. ప్లాస్టిక్ గొట్టం ఎండకు తెల్లబారి, గోకితే పొడి రాలి, తడితే పెళుసుగా మోగుతుంటే.
3. సిమెంటు గొట్టం పొడవునా బీట వారి ఉంటే. అడ్డ బీటకు అతుకు నిలవవచ్చు, పొడవు బీటకు నిలవదు.
4. చెక్క దోనె గోడలో దిగిన చోట మెత్తబడి ఉంటే.
5. దోనె వంగి, వాలు ఇంటి వైపు తిరిగి ఉంటే.
6. దోనె పొట్టిదై ధార అడుగు దూరం కూడా పోకుంటే.
7. ఒకే చోట రెండు వానకాలాలు వరసగా అతుకు వేసి మూడోసారి కూడా కారితే.

ఏడో గుర్తును ముఖ్యంగా పట్టించుకోండి. మూడోసారి అతుకుకు పెట్టే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్త గొట్టం వస్తుంది. కొత్త దోనెకు ఒక గొట్టం, గంపెడు సున్నం, ఒక రోజు మేస్త్రీ కూలి. గోడ పడితే దాన్ని తీసి కట్టడానికి పంట డబ్బు చాలదు.

ఎంత లావు గొట్టం కావాలి?

గంటకు పది సెంటీమీటర్ల వానను ఇంజినీర్లు లెక్కకు తీసుకుంటే, సెంటు మిద్దెకు నాలుగు అంగుళాల గొట్టం ఒకటి సరిపోతుంది. మూడంగుళాల గొట్టం అందులో సగం నీళ్లే పంపగలదు. కాబట్టి సెంటు మిద్దెకు మూడంగుళాలవి రెండు కావాలి. రెండంగుళాల గొట్టం చవగ్గా వస్తుందని పెట్టుకుంటే నాలుగు ఆకులు చేరినా మూసుకుపోతుంది.

వీలుంటే ఒక్క దోనెకు బదులు రెండు పెట్టుకోండి. ఒకటి మూసుకుపోయినా రెండోది ఆదుకుంటుంది. పిట్టగోడ ఉన్న ఇళ్లకు ఇంకో ఉపాయం ఉంది. దోనె మట్టానికి రెండంగుళాల ఎత్తులో పిట్టగోడకు అదనంగా ఒక రంధ్రం వదలండి. ఆ రంధ్రం నుంచి నీళ్లు పడుతున్నాయంటే కింది దోనె మూసుకుపోయిందని మీకు వెంటనే తెలుస్తుంది.

ఇనుప రేకు దోనె తీసుకుంటే జింకు పూత ఉన్నదే తీసుకోండి. కోసిన అంచులకు రంగు వేయించండి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ప్లాస్టిక్ గొట్టమైతే మందంగా ఉన్నది చూసుకోండి. బయటికి వచ్చిన భాగానికి రంగు పూస్తే ఎండ దెబ్బ తగ్గుతుంది. రాతి దోనెలు ఉన్న పాత ఇళ్లవారు వాటిని తొందరపడి తీయవద్దు. చుట్టూ ఉన్న సందు మాత్రం ఏటా నింపుకుంటే చాలు.

వేసే పద్ధతి

పాత దోనె చుట్టూ అడుగు మేర పాత మన్ను తీసేయించండి. కొత్త దోనె నోరు మిద్దె మట్టానికి అర అంగుళం కిందికి ఉండాలి. బయటికి వాలు అడుగుకు అర అంగుళం చాలు. గోడలోకి పోయిన భాగం ఒకే ముక్కగా ఉండాలి. గోడ లోపల అతుకు రాకూడదు.

మట్టి గోడకు దోనె చుట్టూ సున్నం, ఇసుక గచ్చు మంచిది. పైపైన గట్టి సిమెంటు పూత వేస్తే లోపలి తడి ఆరక చిక్కుకుంటుంది. మట్టి గోడకు, సిమెంటుకు పొత్తు కుదరదు, సందు వస్తుంది. బండల మిద్దెకు, స్లాబుకు సిమెంటు వాడవచ్చు.

నోటికి అడ్డంగా జాలీ ముక్క పెట్టండి. నీళ్లు పడే చోట ఒక నాపరాయి బండ వేసి, అక్కడి నుంచి బయటికి చిన్న కాలువ తీయండి. పొరుగువారి గోడ మీదో వాకిట్లోనో పడేటట్టు పెట్టవద్దు. దోనె నీళ్ల దగ్గర మొదలైన తగాదా ఎంతదూరం పోతుందో మీకు తెలియనిది కాదు.

రేకుల ఇళ్లకు చూరు కింద కట్టే రేకు కాలువకూ ఇవే గుర్తులు. అదనంగా, కాలువ నడుమ జారి వంగిందేమో దారం కట్టి చూడండి. కొక్కేలు వదులైతే బిగించుకోవచ్చు. కాలువ అడుగు తుప్పు పడితే మార్చాలి. సిమెంటు రేకులను, పాత సిమెంటు గొట్టాలను పొడిగా రంపంతో కోయవద్దు. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే నార ఉంటుంది. తప్పనిసరైతే తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కోయాలి. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టవద్దు, పలక వేసుకుని దాని మీద నడవాలి.

ప్రాణం ముందు, పని తర్వాత

వాన పడేటప్పుడు, పడి వెలిసిన వెంటనే మట్టి మిద్దె ఎక్కవద్దు. దోనె మూసుకుపోతే కింద నుంచి పొడవాటి కర్రతో పొడిచి చూడండి. నిచ్చెన వేసే ముందు కరెంటు సర్వీసు తీగ ఎక్కడుందో చూసుకోండి. రేకు దోనె తీగకు తగిలేటట్టు ఎప్పుడూ పెట్టవద్దు.

ముసురు పట్టిన రాత్రి దంతెల నడుమ నుంచి మన్ను రాలుతుంటే, దూలం కిర్రుమంటే, గోడ పొట్ట ఉబ్బినట్టు కనబడితే, వాకిలి తలుపు ఉన్నట్టుండి పట్టేసినట్టయితే ఆ ఇంట్లో పడుకోవద్దు. సామాను సంగతి తర్వాత. పిల్లలను, ముసలివారిని తీసుకుని బడిలోకో, గట్టి ఇంట్లోకో పోవాలి. వాన ఆగిందని వెంటనే లోపలికి రావద్దు. గోడ ఆరేదాకా రెండు మూడు రోజులు వేచి చూడాలి. పశువులను కూడా తడి గోడ పక్కన కట్టేయవద్దు.

పడిన నీళ్లు వదులుకోవద్దు

దోనె బాగుంటే ఇంకో లాభం కూడా ఉంది. ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడినా సెంటు మిద్దె మీద 20 వేల లీటర్లు పడతాయి. మట్టి మిద్దె కొంత పీల్చుకుంటుంది. స్లాబు, బండల మిద్దెల నుంచి ఎక్కువ భాగం చేతికి వస్తుంది. తొలి వాన నీళ్లు వదిలేసి, తర్వాతివి డ్రమ్ముకు పట్టుకుంటే పశువులకు, ఇంటి వాడకానికి పనికొస్తాయి. డ్రమ్ము మీద మూత, గుడ్డ ఉండాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఇంకుడు గుంత తవ్వితే ఇంటి గోడకు కనీసం పది అడుగుల దూరంలో తవ్వండి. రేగడి నేలలో దగ్గరగా తవ్వితే పునాదికే ముప్పు.

ఏ కార్తెలో ఏ పని

గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు వలస పోయి ఉగాదికి తిరిగొచ్చే కుటుంబాలవారు ఇల్లు తీసిన వారంలోనే మిద్దె ఎక్కి చూసుకోండి. నాలుగు నెలలు మూసిన ఇంట్లో దోనె నోట్లో పిట్టగూడు, చెత్త ఉండనే ఉంటాయి. భరణి, కృత్తిక కార్తెల్లో నాలుగు బిందెల పరీక్ష చేయండి. మార్చాలని తేలితే రోహిణి కార్తె దాటకుండా పని ముగించాలి. గచ్చు ఆరడానికి నాలుగైదు రోజులు కావాలి, రోజూ కొంచెం తడుపుతుండాలి. మృగశిర వస్తే మీకూ తీరిక ఉండదు, మేస్త్రీకీ ఉండదు.

వానలు మొదలైనాక ప్రతి పెద్ద వాన తర్వాత, మిద్దె ఆరినాక ఒకసారి జాలీ ముక్క దగ్గర చేరిన చెత్త తీసేయండి. మఖ, పుబ్బ కార్తెల నడుమ, ఉత్తర, హస్త వానలు రాకముందే ఇంకోసారి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసుకోండి. పొడిగా తగిలితే ఆ ఏటికి దోనె పని సరిగా జరుగుతున్నట్టే.